ఆఖరి గదిలో మేక

డాక్టర్ డ్వేన్ ఫౌస్ట్ కారు దిగేసరికి రెండూ పది. నాలుగింటికి కమిటీ వస్తుంది. అంటే ఓపల్ హాస్కిన్స్ పరువుకి ఇంకా గంటా యాభై నిమిషాల ఆయుష్షు ఉంది.

"మిస్టర్ టిబ్బెట్స్, తొందరగా కానివ్వండి. మీ కోసం ఇవాళ క్లినిక్కు మూసేశాను. ముగ్గురి పళ్ళు ఆగిపోయాయి," అన్నాడు ఫౌస్ట్.

"పళ్ళు ఎక్కడికీ పోవు డాక్టర్."

"నా దగ్గరికొచ్చే పళ్ళు పోతాయి," అన్నాడు, కొంచెం గర్వంగానే.

అతని కారు వెనక సీట్లో ఒక గుర్రం నిలబడి ఉంది. పేరు నెపోలియన్. ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు. నాలుగు కాళ్ళకీ నాలుగు చిన్న గుడ్డ బూట్లు, ఒంటి మీద మిసెస్ ఫౌస్ట్ అల్లిన ఎర్ర స్వెట్టర్. మా ఒహాయోలో ఇది వింత కాదు. చిన్న గుర్రాలు పెంచేవాళ్ళు పిల్లల్ని బస్సులో పంపిస్తారు, గుర్రాల్ని కార్లో తిప్పుతారు.

కౌంటీ షెరిఫ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు చేసి బయటికొచ్చాక ప్రైవేటు డిటెక్టివుగా నాకు దొరికిన కేసులన్నీ పక్కింటి కంచె ఆరంగుళాలు ఇటు జరిగిందని, ఎదురింటివాళ్ళు ఆకులు ఇటు ఊడ్చారని. మిస్ ఓపల్ ఇచ్చిన ఇదే మొదటి అసలు కేసు. ఇందులో నిందితుడి ఎత్తు ముప్పై రెండుంపావు అంగుళాలు.

అతని పేరు హాస్కిన్స్ మిడ్‌నైట్ థండర్ ఆఫ్ గ్లోరీ. గుర్రం కంటే పేరు పొడుగు. మూడుసార్లు జాతీయ విజేత, మిస్ ఓపల్ కంటిపాప. చిన్న గుర్రాలకి ఒక పుట్టు లోపం ఉంది. అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ వచ్చి చేరితే పిల్ల మరుగుజ్జుగా పుడుతుంది. ఒక్కటే వస్తే గుర్రం చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, కాకపోతే లోపాన్ని పిల్లలకి పంచుతుంది. అందుకే వెంట్రుకలు కుదుళ్ళతో పీకి ల్యాబ్‌కి పంపిస్తారు. మూడేళ్ళ కింద థండర్ వెంట్రుకలు వెళ్ళాయి. ఒక్క కాపీ కూడా లేదని సర్టిఫికెట్ వచ్చింది. ఈ వసంతంలో థండర్‌కి పుట్టిందంటూ ఫౌస్ట్ ఇంట్లో ఒక మరుగుజ్జు పిల్ల పుట్టింది. ఫౌస్ట్ ఫిర్యాదు చేశాడు. చిన్న గుర్రాల సంఘం విచారణాధికారి కర్టిస్ వేల్ అక్టోబరు మూడున వచ్చి మళ్ళీ వెంట్రుకలు పీకాడు. ఈసారి లోపం ఉందని తేలింది.

కాబట్టి మూడేళ్ళ కింద మిస్ ఓపల్ వేరే గుర్రం వెంట్రుకలు పంపి మోసం చేసిందని వేల్ వాదన. ఇవాళ నాలుగింటికి కమిటీ ఔనంటే థండర్ పేరు వంశావళి పుస్తకంలోంచి కొట్టేస్తారు. వాడి అరవై ఒక్క పిల్లల కాయితాలు రద్దు. మిస్ ఓపల్ జన్మలో ఇంకో గుర్రాన్ని పోటీకి తీసుకెళ్ళకూడదు. ఆవిడకి డెబ్భై మూడేళ్ళు. ఆవిడకి వేరే జన్మ ఏదీ లేదు, ఇదొక్కటే.

"మీ ఆడగుర్రాన్ని థండర్ దగ్గరికి ఎప్పుడు తెచ్చారు?" అడిగాను.

"పోయినేడు జూన్ మూడు. ఉదయం తొమ్మిదిన్నర. నేను అన్నీ రాసుకుంటాను."

"పిల్ల ఎప్పుడు పుట్టింది?"

"ఈ మార్చి ఇరవై ఒకటి. తెల్లారి ఆరూ పది."

జేబులో క్యాలెండరు తీసి లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. "రెండువందల తొంభై ఒక్క రోజులు."

"అంతేనేమో."

"గుర్రం ఎన్నాళ్ళు మోస్తుంది డాక్టర్?"

"పదకొండు నెలలు."

"ఇది తొమ్మిదిన్నరే."

"అవి చిన్న గుర్రాలు కదండీ," అన్నాడు ఫౌస్ట్. "నెలలు కూడా కొంచెం తక్కువ పడతాయేమో అనుకున్నాం."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. గోడ మీద డిప్లొమాలు ఉన్న మనిషి.

"మీరు అయిదడుగుల మూడంగుళాలు ఉంటారు. మీ అమ్మగారు ఏడు నెలలే మోశారా?"

"అది వేరే..." అన్నాడు.

"పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద బొచ్చుందా?"

"ఎలుగుబంటి పిల్లలా ఉంది."

"పళ్ళు?"

అతని మొహం వెలిగింది. "పైన రెండు, కింద రెండు, పుట్టీ పుట్టగానే! ఫోటో తీసి క్లినిక్కులో పెట్టాను. కింది దవడ ముందుకుంది గానీ పళ్ళు మాత్రం ముత్యాలు!"

"అంటే నెలలు నిండిన పిల్ల. నెలలు నిండాయంటే పోయినేడు ఏప్రిల్ ఆఖరుకే మీ గుర్రం కడుపుతో ఉంది. కడుపుతోనే ఇక్కడికి తెచ్చారు. ఏప్రిల్‌లో దాని పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కతే ఉంది. మా నెపోలియన్‌తో."

ఇద్దరం కారు వైపు చూశాం. నెపోలియన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"వాడు పసివాడండీ! అప్పటికి రెండేళ్ళు. వాడికి అందదు!"

"మీ పొలం చదునేనా?"

"కాదు, వాలు. అక్కణ్ణుంచి చూస్తే నది కనిపిస్తుందని కొన్నాం." ఫౌస్ట్ గొంతు మెల్లగా తగ్గింది. "ఆడగుర్రం ఎప్పుడూ కిందివైపే మేస్తుంది."

"నెపోలియన్‌కి పరీక్ష చేయించారా?"

"వాడికెందుకు పరీక్ష? సిల్వర్ బ్యారన్ మునిమనవడు వాడు!" అన్నాడు ఛాతీ పొంగించి. కోటు మడత మీద గుచ్చిన గుండ్రటి పిన్ను చూపించాడు. దాని మీద చిన్న వెండి గుర్రం, బ్యారన్ బొమ్మ. "ఆ రక్తమే సర్టిఫికెట్."

మా రాష్ట్రంలో చిన్న గుర్రాలవాణ్ణి ఎవర్ని కదిపినా మూడో మాటలో సిల్వర్ బ్యారన్ వస్తాడు. చచ్చి పదేళ్ళయింది గానీ సగం గుర్రాల రక్తంలో ఇంకా బతికే ఉన్నాడు. మా మధ్యతరగతి వాళ్ళకి ముత్తాత పేరు తెలీదు. గుర్రం ముత్తాత పేరు మాత్రం కంఠతా వచ్చు.

"మా ఆవిడ మార్లీన్‌కి చెప్పకండి," అన్నాడు ఫౌస్ట్ చివరికి. "వాడు మా అబ్బాయిలాంటివాడు."

"మీ అబ్బాయే డాక్టర్. తాత కూడా అయ్యారు."

అనుమానం బాగానే ఉంది. కానీ అనుమానాన్ని కమిటీ ముందు పెడితే నిలబడదు. పిల్ల తండ్రెవరో తేల్చే పరీక్షకి వారం పడుతుంది. నాకున్నది గంటా ఇరవై నిమిషాలు. పైగా వేల్ చేతిలో ల్యాబ్ కాయితం ఉంది. అది అబద్ధమని తేలాలి, లేదంటే థండర్ పని అయిపోయినట్టే.

*

మిస్ ఓపల్ గుర్రాల కొట్టంలో పది గదులు. తొమ్మిదింటి తలుపుల మీద ఇత్తడి పలకలు. పదోదానికి పలక లేదు. గేటు దగ్గర రోడ్డు మీదికి కనిపించేలా రెండు చెక్కల బోర్డు. పై చెక్క మీద "హాస్కిన్స్ గుర్రాలు, ముప్పై ఒక్క ఏళ్ళు." కింది చెక్క మీద "ఒక్క మరుగుజ్జూ లేదు." పక్క కౌంటీ వాళ్ళు కూడా వచ్చి ఆ బోర్డు పక్కన ఫోటోలు దిగేవారు.

"ఏం చూస్తున్నావు?" మిస్ ఓపల్ కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టింది. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, ఏప్రన్ మీద పిండి. ఆవిడ కంగారుపడితే యాపిల్ పై, అంటే యాపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె, చేస్తుంది. రెండు రోజుల్లో ఏడు చేసింది.

"అన్నీ చూస్తున్నాను."

"ఆఖరి గది వదిలెయ్యి. అందులో మేక ఉంటుంది."

"నిన్న రెండుసార్లు చెప్పారు మిస్ ఓపల్."

"మతిమరుపు."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది ఒకటే. మనిషి ఒక మాట మూడుసార్లు చెబితే, ముందు అక్కడే వెతకాలి. ఇంట్లో ఓవెన్ గంట మోగింది. ఆవిడ వెళ్ళింది. రెండూ యాభై రెండుకి ఆఖరి గది తలుపు తీశాను.

మేక లేదు. ఏ జంతువూ లేదు. కానీ ఎవరో ఉంటున్నారు.

టేపు తీశాను. మిగతా గదుల్లో నీళ్ళ బకెట్టు నేల నుంచి ఇరవై ఆరు అంగుళాల ఎత్తున ఉంది. ఇక్కడ పద్నాలుగు. తొట్టిలో ఎండుగడ్డి నానబెట్టి మెత్తగా జావలా చేసి పెట్టారు. రేకు డబ్బా నమిలే మేకకి జావ ఎవరు కాస్తారు? మూల పేడ గుర్రానిదే, కాకపోతే చిన్నది. నేల మీద గడ్డి నా మోకాలి దాకా ఉంది. అంత మెత్తటి పరుపు మా ఇంట్లో నాకు లేదు. గది వెనక పెరట్లోకి ఇంకో సగం తలుపు.

మేకుకి ఒక దుప్పటి వేలాడుతోంది. ఊదా రంగు, బంగారు దారంతో "థండర్ – జాతీయ విజేత" అని కుట్టారు. పొట్ట కింద పట్టీలు పొడుగెక్కువై రెండు చోట్ల ముడివేసి ఉన్నాయి. తిరగేసి లోపల చూశాను. నల్ల బొచ్చు, రెండంగుళాల పొడుగు.

థండర్ కూడా నల్లవాడే. కానీ సెప్టెంబరు పోటీకి మిస్ ఓపల్ వాడి ఒంటి మీద బొచ్చంతా మిషనుతో గీకేసింది. పోటీ గుర్రాలన్నిటికీ అంతే. ఇప్పుడు వాడి ఒళ్ళు ముఖమల్. అర అంగుళం దాటదు.

ఈ దుప్పటి కప్పుకున్నది థండర్ కాదు. వాడికంటే పొట్టిది, నమల్లేనిది, ఎన్నడూ పోటీకి వెళ్ళనిది.

నా కాఫీ చల్లారిపోయింది. తాగేశాను.

*

మూడూ పన్నెండుకి కర్టిస్ వేల్ వచ్చాడు. నలభై అయిదేళ్ళు, తోలు ఫైలు, మెరిసే బూట్లు, బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు. కోటు మీద అదే వెండి గుర్రం పిన్ను, కాకపోతే అందరికంటే ఒక సైజు పెద్దది. అతనికి ఆ హక్కుంది. సిల్వర్ బ్యారన్ వాళ్ళ నాన్న గుర్రం.

"టిబ్బెట్స్! మీరింకా కంచె కేసుల్లోనే ఉన్నారనుకున్నాను."

"కంచె కేసుకైనా కంచె దాకా నడిచి వెళ్తాను మిస్టర్ వేల్. అక్టోబరు మూడున మీరెంతవరకు నడిచారు?"

"అంతా రిపోర్టులో ఉంది. పదకొండూ ఇరవై. థండర్ తోక నుంచి ముప్పై అయిదు వెంట్రుకలు, కుదుళ్ళతో. నేనే పీకాను, నేనే అంటించాను, నేనే సీలు వేశాను. ఇరవై ఏళ్ళ అనుభవం."

"మిస్ ఓపల్ పక్కన ఉందా?"

"ఇంట్లో యాపిల్ పై చేస్తోంది. మీరే తీసుకోండి అంది."

"థండర్ ఎక్కడున్నాడు?"

"ఆఖరి గదిలో. నేను పెరటి వైపు నుంచి వచ్చాను. సగం తలుపు తీసి ఉంది. తోక నా వైపే ఉంది."

"గదిలోకి వెళ్ళారా?"

వేల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "అవసరం రాలేదు."

"మొహం చూశారా?"

"తోకతో పని ఉన్నప్పుడు మొహంతో ఏం పని?"

"మరి వాడు థండర్ అని ఎలా తెలిసింది?"

"దుప్పటి మీద రాసి ఉంది!" అన్నాడు వేల్.

నా టోపీ తీసి అతనికి చూపించాను. ముందు వైపు ఒక ట్రాక్టర్ కంపెనీ పేరుంది. "దీన్ని చదివి నన్ను పొలం దున్నడానికి తీసుకెళ్తారా?"

వేల్ చెవులు ఎర్రబడ్డాయి. "దుప్పటి ఎవరి మీదున్నా ల్యాబ్ కాయితం ల్యాబ్ కాయితమే. లోపం ఉంది అని రాసింది."

"మీరు కమిటీకి పంపినది మీ మాటల్లో ఉంది. ల్యాబ్ మాటల్లో చూపిస్తారా?"

చూపించకుండా ఉండలేడు. సీలున్న కాయితాన్ని నలుగురికి చూపించడమే వేల్ బతుకంతా. ఫైలు తెరిచి రెండు వేళ్ళతో అందించాడు.

"రెండో లైను చదవండి," అన్నాను.

"లోపం: ఉన్నది. కాపీలు: రెండు."

"రెండు కాపీలున్న గుర్రం ఎలా ఉంటుంది?"

అతను నోరు తెరిచాడు. అప్పుడే బయట థండర్ కంచె పొడుగునా పరుగెత్తాడు. నాలుగు కాళ్ళు నాలుగు గీతల్లా తిన్నగా, మెడ విల్లులా వంచి, ఈ కేసు తన గురించి కాదన్నట్టు.

"మరుగుజ్జుగా ఉంటుంది," అన్నాడు వేల్ నెమ్మదిగా.

"వాడు మరుగుజ్జా?"

"...ల్యాబ్ పొరబడి ఉంటుంది."

"రెండో లైను పొరబాటైతే మొదటి లైనూ పొరబాటే. రెండూ నిజమైతే మీరు పీకింది ఒక మరుగుజ్జు గుర్రం తోక."

"ఇరవై ఏళ్ళలో ఒక్క మరుగుజ్జును కూడా నేను చూడలేదు!"

"మీకెవరు చూపిస్తారు? మీరొస్తున్నారంటే దాచేస్తారు. చుట్టాలొస్తే చిరిగిన సోఫాని దాచినట్టు."

వేల్ ఫైలు మూశాడు. తెలివితక్కువవాడేం కాదు. తెలివినంతా తోలు ఫైల్లో పెట్టుకు తిరుగుతాడు, అంతే. "సరే. ఈ కొట్టంలో మరుగుజ్జు ఉంటే గేటు మీద బోర్డు అబద్ధం. లేకపోతే సర్టిఫికెట్ అబద్ధం. రెండింట్లో ఏ అబద్ధం ఒప్పుకుంటుందో ఆవిణ్ణే అడగండి. నాలుగింటి దాకా టైముంది."

నాకు అతను నచ్చడు. కానీ నా ప్రశ్నని నాకంటే బాగా అడిగాడు.

*

మూడూ ముప్పై ఆరు. వంటింట్లో ఎనిమిదో యాపిల్ పై చల్లారుతోంది. మిస్ ఓపల్ బల్ల తుడుస్తోంది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోంది. పక్కన బట్టలుతికే గది తలుపు వేసి ఉంది. లోపల ఎవరో దగ్గారు.

"మేక," అంది.

"గుర్రంలా దగ్గుతోంది మిస్ ఓపల్."

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది.

"బకెట్టు పద్నాలుగు అంగుళాల్లో ఉంది," అన్నాను. "జావ చూశాను. దుప్పటి పట్టీలకి ముడులు చూశాను. వేల్ కాయితంలో రెండు కాపీలని ఉంది. లోపం ఉందన్న కబురు వచ్చిన రోజునే మీకు ఎవరి తోకో తెలిసిపోయింది. అయినా నన్ను పెట్టుకున్నారు."

"ల్యాబ్‌దే తప్పని కనిపెడతావనుకున్నాను."

"నేను ఉన్నదే కనిపెడతాను. లేనిది కనిపెట్టేవాడికి ఫీజు ఎక్కువ."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఆవిడ పగలు కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.

"పేరు బటన్," అంది. "పంతొమ్మిదేళ్ళు. మా డచెస్‌కి పుట్టాడు. థండర్‌కి అన్న, తల్లి ఒక్కతే. పుట్టిన పొద్దున ఒక పెద్దమనిషి వచ్చి చూసి, పాతిపెట్టెయ్ ఓపల్, నీ పేరూ పోతుంది నా పేరూ పోతుంది అన్నాడు. సరే అన్నాను. గొయ్యి కూడా తవ్వాను. ఆ గోతిలో గులాబీ మొక్క పెట్టాను."

"ఎవరా పెద్దమనిషి?"

ఆవిడ బట్టలుతికే గది తలుపు వైపు చూసింది.

"వాడు పరుగెత్తలేడు. నమల్లేడు. చలికి దగ్గుతాడు. కానీ నా అడుగు చప్పుడు వాడు గుర్తుపట్టినట్టు ఏ గుర్రమూ పట్టలేదు ఓరిన్. అక్టోబరు మూడు పొద్దున మొదటి మంచు పడింది. థండర్‌కి అయిదు దుప్పట్లున్నాయి. వీడికి జీవితంలో ఒక్క బహుమతీ లేదు. ఒక్కరోజు విజేత దుప్పటి కప్పుకుంటే ఏం పోయిందనుకున్నాను."

"థండర్ పోబోతున్నాడు."

"తెలుసు." ఆవిడ కిటికీలోంచి గేటు వైపు చూసింది. "నా గర్వమంతా ఆ కింది చెక్క మీద ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని చూసుకునే నిద్ర లేచాను. వీణ్ణి బయటికి తెస్తే అది పోయె. తేకపోతే థండర్ పోయె. ఏం చెయ్యమంటావు?"

ఇలాంటప్పుడు డిటెక్టివులు మంచి మాట ఒకటి చెబుతారు. నాకేమీ తోచలేదు. "యాపిల్ పై ముక్క ఒకటి పెట్టండి," అన్నాను.

ఆవిడ నావైపు చూసి, లేచి, ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. అద్దం ముందుకెళ్ళి జుట్టు దువ్వుకుంది. పోటీ బరిలోకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే ముత్యాల దుద్దులు పెట్టుకుంది. తర్వాత సొరుగు లాగి ఒక పాత కవరు జేబులో పెట్టుకుంది.

"ఆ ఊదా దుప్పటి పట్టుకురా," అంది. "పట్టీల ముడులు విప్పకు."

*

సరిగ్గా నాలుగింటికి కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు థెల్మా గ్రూబర్, ఆవిడ వెనక ఇద్దరు సభ్యులు. ఆ ఇద్దరూ ఆవిడ ఔనంటే ఔనంటారు. ముగ్గురి కోట్ల మీదా వెండి గుర్రాలే. ఫౌస్ట్ ఒక పక్కన, వేల్ ఒక పక్కన. అందరూ కొట్టంలో నిలబడ్డారు.

వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. మిస్ ఓపల్ వచ్చింది, చేతిలో పగ్గం. పగ్గం చివర బటన్.

ఎత్తు పాతికంగుళాలు ఉంటుందేమో. ముందు కాళ్ళు వంకర, వీపు గూనులా లేచింది, తల ఒంటికి మించిన సైజు. కింది దవడ ముందుకొచ్చి నాలిక కొస ఒక పక్కకి కనిపిస్తోంది. ఒంటి మీద జాతీయ విజేత దుప్పటి. అడుగడుక్కీ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నడిచాడు. ఆవిడ వాడి వేగానికే నడిచింది. మధ్యలోకి వచ్చాక పోటీలో నిలబెట్టినట్టే నాలుగు కాళ్ళూ సర్ది, పగ్గం ఎత్తి పట్టి, గడ్డం పైకెత్తి నిలబడింది.

ఎవరూ నవ్వలేదు. ఫౌస్ట్ మాత్రం పళ్ళు చూశాడు. అలవాటు.

"కర్టిస్," అంది మిస్ ఓపల్, "ఈసారి మొహం చూసి పీకు."

వేల్ రెండడుగులు వేశాడు. ప్లాస్టిక్ తొడుగులు గడ్డిలో ఊడిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బటన్ అతని కోటు పిన్ను వాసన చూసి నాకడం మొదలుపెట్టాడు. వేల్ తోక చూశాడు, బొచ్చు చూశాడు, దుప్పటి ముడులు చూశాడు. ఆఖర్న మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

లేచి, గొంతు సవరించుకుని, పలక మీద రాసినట్టు స్పష్టంగా చెప్పాడు. "నేను తీసిన నమూనా థండర్‌ది కాదు. గుర్రాన్ని గుర్తుపట్టకుండా తీశాను. తప్పు నాది. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. రాసుకోండి."

అంత పెద్ద పిన్ను పెట్టుకున్న మనిషి ఆ మాట అనడానికి ఎంత ఖర్చయిందో నాకు తెలుసు. అతనికి మర్యాదగా మళ్ళీ టోపీ తీశాను, ఈసారి ట్రాక్టర్ పేరు చూపించడానికి కాదు.

థెల్మా గ్రూబర్ ఊపిరి వదిలింది. "అయితే మూడేళ్ళ కిందటి సర్టిఫికెట్టే చెల్లుతుంది. థండర్ పేరు అలాగే ఉంటుంది. డాక్టర్, మీ పిల్ల సంగతి..."

"నేనే వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు ఫౌస్ట్ గబగబా. "మా ఇంటి వ్యవహారం."

"మంచిది. ఓపల్, ఆ బోర్డు కాస్త మార్చుకో. అందరం ఇంటికి పోదాం."

గెలిచేశాం. మూడేళ్ళ కిందటి సర్టిఫికెట్, అరవై ఒక్క పిల్లలు, మిస్ ఓపల్ పరువు, అన్నీ నిలబడ్డాయి. నోరు మూసుకుంటే సరిపోతుంది. నేను అప్పటికే టోపీ పెట్టుకున్నాను.

"ఆగండి," అంది మిస్ ఓపల్. "రెండు కాపీలు. ఒకటి మా డచెస్‌ది. రెండోది ఎవరిదో ఒక్కరూ అడగరేం?"

ఆవిడ జేబులోంచి కవరు తీసి వేల్ చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళ కిందటి జత కాయితం. ఫలానా ఆడగుర్రాన్ని ఫలానా మగగుర్రంతో కలిపారని మగగుర్రం యజమాని సంతకం పెట్టి ఇస్తాడు. వేల్ చదివాడు. తర్వాత సంతకం చూశాడు. పేరు బయటికి చదవనక్కర్లేకపోయింది. అతని మొహంలోనే ఉంది.

"పాతిపెట్టమన్నది మీ నాన్న, కర్టిస్. బటన్ తండ్రి సిల్వర్ బ్యారన్."

అయిదు కోట్ల మీద అయిదు వెండి గుర్రాలు. ఒక్కొక్కరి చెయ్యీ తెలియకుండానే పిన్ను మీదికి వెళ్ళింది. థెల్మా కొట్టంలో నలభై రెండు గుర్రాలున్నాయి. ముప్పై ఎనిమిది బ్యారన్ సంతానం. ఫౌస్ట్ కారు వైపు చూశాడు. కిటికీలోంచి మునిమనవడు చూస్తున్నాడు, ఎర్ర స్వెట్టర్‌లో.

"కర్టిస్," అంది థెల్మా గ్రూబర్. గొంతు చాలా మర్యాదగా ఉంది. "ఆ తలుపు వెయ్యి. ఆ కాయితం ఇలా ఇవ్వు."

సభ్యులిద్దరూ తలుపుకి అడ్డంగా జరిగారు. కమిటీ అనేది ఇంత త్వరగా ఒక పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"రాష్ట్రంలో సగం గుర్రాలు ఓపల్. సగం కుటుంబాలు," అంది థెల్మా. "ఒక్క ముసలి జంతువు కోసమా? నిన్ను ఎవరూ క్షమించరు."

వేల్ కాయితం పట్టుకుని నిలబడ్డాడు. థెల్మా చెయ్యి చాపే ఉంది. అతను కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, తోలు ఫైల్లో కాకుండా, లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"తలుపు వెయ్యను," అన్నాడు. "బటన్‌కి దగ్గు. గాలి కావాలి."

మిస్ ఓపల్ పగ్గం కదిపింది. బటన్ నడిచాడు. పాతికంగుళాల గుర్రం తిన్నగా తమ మీదికి వస్తుంటే, ఆ ఇద్దరు పెద్దమనుషులూ పక్కకి తప్పుకున్నారు. వాడి నడకకి గేటు దాకా పన్నెండు నిమిషాలు పట్టింది. నేను వెనకాలే నడిచాను. నా వెనక థెల్మా ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. పేర్లు చెబుతోంది. నా పేరు కూడా చెప్పింది.

గేటు దగ్గర మిస్ ఓపల్ బటన్‌ని బోర్డు కింద నిలబెట్టింది, రోడ్డు వైపు మొహం పెట్టి. దుప్పటి సర్దింది.

"స్క్రూ డ్రైవరుందా ఓరిన్?"

"ఉంది."

"కింది చెక్క ఒక్కటే విప్పు. పైది ఉండనీ. ముప్పై ఒక్క ఏళ్ళు నిజమే కదా."

రెండో మర తిప్పుతుండగా రోడ్డు మీద ఒక కారు వచ్చింది, నెమ్మదించింది, ఆగింది. అద్దం దిగింది. అవతలి వీధి మెథడిస్ట్ చర్చి పాస్టర్ గారి భార్య. బటన్‌ని చూసింది, దుప్పటి మీద అక్షరాలు చూసింది, సగం వేలాడుతున్న చెక్కని చూసింది.

"ఓపల్! ఎవరిదిది?"

మిస్ ఓపల్ పగ్గాన్ని ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది.

"నాది," అంది.